ఆకాశమునుండి నేలను చదివిన భూగర్భ శాస్త్రజ్ఞుడు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



వేసవి వచ్చినదనగానే పంచాయతీ కార్యాలయమునకు వచ్చు మొదటి అర్జీ ఏదియో మేము మీకు చెప్పనక్కరలేదు. మా వాడకు బోరు వేయించవలెననునదే ఆ అర్జీ. ఎక్కడ వేయవలెననునది ఆ వెంటనే పుట్టు ప్రశ్న. నలుగురు సభ్యులు నాలుగు స్థలములు చూపుదురు. ఒకరు అరచేత కొబ్బరికాయ నిలుపుకొని నడచు మనిషిని పిలిపింతురు. మరియొకరు వేప పంగలకఱ్ఱ పట్టించెదరు. ఇంకొకరికి తమ ఇంటి ముందరి స్థలముకన్న మంచి స్థలము ఊరిలో కనబడదు. బోరు లారీ వచ్చి రాత్రంతయు తెల్లని రాతిపొడి చిమ్మి తెల్లవారుసరికి వెడలిపోవును. నీరు పడినచో సంతోషమే. పడనిచో పంచాయతీ నిధి ఆ గుంటలోనే పూడిపోవును. ఆడవారు బిందెలతో మరల పాత బావికే నడచుదురు.

నీరున్న చోటు తెలిసికొనుటకు శాస్త్రమేమైన కలదా అని మీలో అనేకులు మమ్ము అడుగుచుందురు. కలదు. ఆ శాస్త్రమును వట్టి మాటలలో వర్ణించుటకంటె, దానితోనే జీవితమంతయు గడపిన ఒక మనిషి కథగా చెప్పినచో అది ఎంతవరకు నమ్మదగినదో, ఎక్కడ మనము జాగ్రత్త పడవలెనో కూడ మీకు తెలియును. ఆ మనిషి మన దేశమువాడు కాడు. ఈజిప్టు దేశీయుడు. పేరు ఫారూక్ ఎల్ బాజ్.

ముందుగా ఆ శాస్త్రమేమో రెండు మాటలు. మీ చెరువు కట్టమీద నిలిచి చూచినచో నీరును, తూమును, ఎదుటి పొలమును కనబడును. అదే ఊరి ప్రక్క గుట్ట ఎక్కి చూడుడు. వాగు ఎక్కడ పుట్టి ఎట్లు వంకరలు తిరిగినదో, చెరువు పూర్వము ఎంతవరకు నిండెడిదో, ఏ పొలములు ఎండకాలమున గూడ పచ్చగా నుండునో ఒక్క చూపులో తెలియును. గుట్టకు బదులు విమానము, విమానమునకు బదులు కృత్రిమోపగ్రహము ఎక్కి చూచినచో ఒక జిల్లా అంతయు అట్లే కనబడును. నేలను తాకకయే, దూరమునుండి వచ్చు కాంతిని యంత్రములతో పట్టి, నేల గుణమును గ్రహించు ఈ విద్యకు దూర సంవేదనమని పేరు. రిమోట్ సెన్సింగ్ అని వాడుక.

ఆ యంత్రములు మన కన్నులు చూడలేని వెలుగును గూడ చూచును. పచ్చని ఆకు మనకు కనబడని పరారుణ కాంతిని మిక్కిలిగా తిప్పి పంపును. దానిని పటములో ఎరుపు రంగుతో చూపుట ఆచారమైనది. కావున ఉపగ్రహ చిత్రము మొదటిసారి చూచిన రైతు తన వరి పొలము ఎర్రగా నుండుట చూచి తెగులు పట్టినదేమో అని కంగారు పడును. ఎరుపు ఎంత గాఢమైనదో పైరు అంత బాగున్నదని అర్థము.

ఇక ఫారూక్ ఎల్ బాజ్. ఆయన 1938వ సంవత్సరమున నైలునది డెల్టాలోని జగాజిగ్ పట్టణమున జన్మించెను. ఈజిప్టును గూర్చి మీకొక్క మాట తెలిసిన చాలును. ఆ దేశము దాదాపు అంతయు ఎడారి. దేశ విస్తీర్ణములో నూటికి అయిదు పాళ్లకు మించని నేలమీద, అనగా నైలునది రెండు ఒడ్డులయందును, డెల్టాయందును ప్రజలందరు ఇరుకుకొని జీవించుచున్నారు. మన కృష్ణా, గోదావరి డెల్టాలు మాత్రముండి, తక్కిన రాష్ట్రమంతయు ఇసుకయే అయినచో ఎట్లుండునో ఊహించుకొనుడు. అట్టి దేశమున పుట్టినవానికి నీటి విలువ ఎవరును చెప్పనక్కరలేదు.

బాల్యమున ఆయనకు వైద్యుడు కావలెనని కోరిక. దానికి కావలసిన మార్కులు కొంచెములో తప్పిపోయినవి. స్కౌటు బాలుడుగా కొండలకు పోయి రాళ్లు ఏరుకొని వచ్చుట అలవాటైనందున భూగర్భ శాస్త్రము ఆయనకు రుచించెను. 1958లో కైరోలోని ఐన్ షమ్స్ విశ్వవిద్యాలయమున పట్టభద్రుడై, అస్యూత్ నగరమున కొంతకాలము ఉపాధ్యాయుడుగా నుండి, అమెరికాలోని మిస్సోరికి పోయి 1961లో ఎం. ఎస్., 1964లో డాక్టరు పట్టము పొందెను. తరువాత జర్మనీలోని హైడెల్‌బెర్గ్‌లో బోధించెను.

అటుపిమ్మట స్వదేశమునకు తిరిగివచ్చి భూగర్భ శాస్త్ర విద్యాలయము నెలకొల్పవలెనని ఆశించెను. ప్రభుత్వము ఆయనను సూయెజ్ పట్టణమున రసాయన శాస్త్రము బోధింపుమని నియమించినది! కుమ్మరిని కమ్మరి కొలిమి వద్ద కూర్చుండబెట్టినట్లు. ప్రభుత్వోద్యోగులమైన మేమీ మాట అనుట బాగుండదు గాని, ఇట్టి నియామకములు ఒక్క ఈజిప్టులోనే జరుగునని ఎవరును అనుకొనరాదు. ఆయన ఆ పని అంగీకరింపలేదు. సూయెజ్ సింధుశాఖలో చమురు వెదకు సంస్థయందు కొంతకాలము పనిచేసి, మరల అమెరికా చేరి, పెక్కు దరఖాస్తులు పెట్టుకొని, 1967లో బెల్‌కామ్ అను సంస్థలో చేరెను. అది చంద్రునిపైకి మనుష్యులను పంపు అపోలో కార్యక్రమమునకు సాంకేతిక సహాయము చేయు సంస్థ.

ఇక్కడనుండి ఆయన కథ మనకు ముఖ్యము. చంద్రునిపై ఎక్కడ దిగవలెను? మన బోరు ప్రశ్న వంటిదే ఈ ప్రశ్నయు. అప్పటికి అయిదు వ్యోమనౌకలు చంద్రుని చుట్టు తిరిగి ఫోటోలు తీసి పంపియుండెను. అవి వేలకొలదిగా పెట్టెలలో పడియుండెను. కొత్తగా చేరిన ఈ యువకుడు ఆ చిత్రములనన్నిటిని ఒక్కొక్కటిగా చూచి, ఏ తావున ఏమి కలదో వర్గీకరించి వ్రాసెను. చిట్టా సిద్ధమగుసరికి, దిగదగిన స్థలములను గూర్చి లెక్కతో మాటాడగలవాడు ఆయనయే అయ్యెను. దిగు స్థలములను నిర్ణయించు సంఘమునకు ఆయన కార్యదర్శి అయ్యెను. పెద్ద పని ఒక చిట్టాతో మొదలైనదని గుర్తుంచుకొనుడు. ఈ మాట మరల వచ్చును.

ఆయనకు అప్పగించిన మరియొక పని వ్యోమగాములకు చదువు చెప్పుట. అపోలో నౌకలో ముగ్గురు పోయిన, ఇద్దరు చంద్రునిపై దిగుదురు. మూడవవాడు పైన ఒంటరిగా చంద్రుని చుట్టు తిరుగుచుండును. వీరు విమాన చోదకులు. రాళ్లు తెలిసినవారు కారు. వీరిని విమానములలో కొండలమీదను, ఎడారులమీదను త్రిప్పి, పైనుండి నేల నెట్లు చదువవలెనో నేర్పిరి. ఇది అగ్నిపర్వతపు నోరు, ఇది ఉల్క పడిన గుంట, ఇది లావా ప్రవహించిన కాలువ అని చెప్పుచు కన్నులకు తర్ఫీదు ఇచ్చిరి. మన పెద్దకాపు చేను గట్టుమీద నిలిచి ఇది చవుడు, ఇది ఎర్రచెలక, ఇది నల్లరేగడి అని కొడుకునకు చూపునట్లు అనుకొనుడు. శిష్యులు ఆయనను ప్రేమతో రాజు అని పిలిచెడివారు. ఈజిప్టును పాలించిన ఫారూక్ రాజు పేరే ఆయనకును ఉన్నందున వచ్చిన పరిహాస నామమది. 1971లో అపోలో 15లో పోయిన ఆల్ఫ్రెడ్ వర్డెన్ అను వ్యోమగామి చంద్రుని చుట్టు తిరుగుచు, గురువు నేర్పిన చదువు వలన ఈ చోటికి మునుపే వచ్చినట్లున్నదని అనెను. చంద్రుని వద్దనుండి అరబ్బీ భాషలో భూమికి శుభాకాంక్షలు గూడ పంపెను. ఆ భాష వ్యోమగామిది కాదు, గురువుది.

ఆ వర్డెనే పైనుండి చూచి, చంద్రునిపై ఒక లోయ ప్రాంతమున చిన్న చిన్న నల్లని గుంటలు అగ్నిపర్వతపు దిబ్బలవలె నున్నవని చెప్పెను. ఆ మాట 1972 డిసెంబరులో అపోలో 17ను ఆ లోయలోనే దింపుటకు ఒక కారణమైనది. ఆ నౌకలో హారిసన్ ష్మిట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు గూడ నుండెను. వారు అట్టి గుంట యొకదాని అంచున నిలిచి చూడగా నారింజపండు రంగు మన్ను కనబడెను. అందరు అగ్నిపర్వతము దొరికినదని పొంగిపోయిరి. మన్ను భూమికి తెచ్చి పరీక్షింపగా, అది అగ్నిపర్వతపు గాజు కణములే గాని 350 కోట్ల సంవత్సరములకు పైబడినవని తేలెను. గుంట మాత్రము అగ్నిపర్వతపు నోరు కాదు. ఉల్క పడి త్రవ్విన గొయ్యి. ఆ దెబ్బకు లోపలి పాత మన్ను పైకి వచ్చినది. పైనుండి చూచినవాని కన్ను తప్పు చూడలేదు. నలుపు నిజమే, గుంట నిజమే. కారణము మాత్రము నేలమీద నిలిచి త్రవ్విన గాని తెలియలేదు.

చంద్ర యాత్రలు ముగిసిన పిమ్మట ఆయన చూపు భూమివైపు మరలెను. 1973లో వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ వైమానిక, అంతరిక్ష ప్రదర్శనశాలలో భూగ్రహ పరిశోధన కేంద్రమును స్థాపించి 1982 వరకు నడిపెను. 1975లో అమెరికా, సోవియట్ నౌకలు అంతరిక్షమున కలిసికొనిన యాత్రలో భూమి ఫోటోలు తీయు ప్రయోగమునకు ఆయనయే ప్రధాన పరిశోధకుడు. ఆ చిత్రములలో ఎడారుల ఇసుక ఒక్క రంగుగా లేదు. కొన్నిచోట్ల పాలిపోయి, కొన్నిచోట్ల ఎర్రగా నుండెను. ఇసుక రేణువులకు కాలక్రమమున ఇనుప తుప్పు పొర అంటుకొనుటచేత పాత ఇసుక ఎర్రబారునని ఆయన వివరించెను. మనవారు ఇనుప ముక్క తుప్పు చూచి అది ఎంతకాలము వానలో పడియున్నదో చెప్పినట్లే.

1978లో ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్ ఆయనను శాస్త్ర సలహాదారుగా నియమించెను. 1981 వరకు ఆ పదవిలో నుండెను. ఎడారిలో ఎక్కడ కొత్తగా సేద్యము చేయవచ్చునో, పరిసరములకు హాని లేకుండ స్థలములు చూపుట ఆయన పని. ఒకనాడు రసాయన శాస్త్రము చెప్పుకొనుమన్న దేశమే ఇప్పుడు నేల చూపుమని పిలిచినది.

ఆయన పటములు ముందు పెట్టుకొని కుర్చీలో కూర్చుండలేదు. 1978లోనే తోడి శాస్త్రజ్ఞులతో ఈజిప్టు నైరుతి మూలనున్న గిల్ఫ్ కెబీర్ పీఠభూమికిని, ఉవైనాత్ పర్వతమునకును యాత్ర చేసెను. వందలకొలది మైళ్లు మనుష్య సంచారము లేని ప్రదేశమది. వాన చుక్క పడుటయే అరుదు. అట్టిచోట కొండరాళ్లమీద ప్రాచీనులు గీచిన బొమ్మలలో ఆవుల మందలు కలవు! గడ్డి లేనిచోట మంద యెట్లుండును? నీరు లేనిచోట గడ్డి యెట్లు మొలచును? సుమారు 11,000 సంవత్సరముల నుండి 5,000 సంవత్సరముల క్రిందటి వరకు ఆ ఎడారిలో వానలు కురిసి, వాగులు పారి, సరస్సులు నిండియుండెను. పిదప వానలు తగ్గి నేల ఎండిపోయినది.

ఎల్ బాజ్ ఇక్కడనుండి ఒక ఊహ చేసెను. ఎడారిలోని ఇసుకనంతటిని గాలియే తెచ్చినదని చాలమంది తలంచెడివారు. కాదు, కొండరాతిని అరగదీసి ఇసుకను పల్లమునకు చేర్చినవి ఆనాటి నదులనియు, నదులు ఎండిన తరువాతనే గాలి దానిని దిబ్బలుగా పేర్చినదనియు ఆయన వాదము. అట్లయినచో ఇసుక మిక్కిలిగా పేరుకొనిన పల్లము ఒకనాడు నీరు చేరిన పల్లమే. ఆ నీటిలో కొంత క్రింది రాతి పొరలలోనికి ఇంకియుండవలెను. కావున నీరు కావలెనన్న ఇసుక ఎక్కువగా నున్న చోటనే వెదకుడని ఆయన చెప్పెను. వినుటకు వింతగా నున్నను తర్కము చక్కగా నున్నది.

1981 నవంబరులో అమెరికా వారి కొలంబియా అంతరిక్ష వాహనము ఒక రాడారు యంత్రమును మోసుకొనిపోయెను. రాడారు సూర్యకాంతికై ఎదురుచూడక తన తరంగములను తానే పంపి, తిరిగి వచ్చిన వానిని పట్టుకొనును. మిక్కిలి పొడిగానున్న ఇసుకను ఆ తరంగములు కొన్ని మీటర్ల లోతువరకు దూరిపోయి, అడుగుననున్న గట్టి నేలను తాకి మరలి వచ్చును. ఈజిప్టు, సూడాను సరిహద్దులలో చదునైన ఇసుక తివాసి పరచినట్లున్న నేల రాడారు చిత్రములో నదీ లోయలతో నిండి కనబడినది! అమెరికా భూగర్భ సర్వే శాస్త్రజ్ఞులు అక్కడకు పోయి గోతులు త్రవ్వి ఏటి గులకరాళ్లను చూచిరి. ప్రాచీన మానవుల రాతి పనిముట్లు గూడ దొరికినవి. ఈ రాడారు ప్రయోగము ఎల్ బాజ్ చేసినది కాదు. కాని ఆయన ఊహకు అది పెద్ద ఆధారమైనది. తరువాతి కాలమున 1986లో బోస్టను విశ్వవిద్యాలయమున దూర సంవేదన కేంద్రము స్థాపించి, ఇట్టి చిత్రములతోనే ఎడారి నదుల జాడలను వెదకుటలో పెక్కు సంవత్సరములు గడపెను.

తూర్పు ఉవైనాత్ ప్రాంతమున నీటికై వెదకవలెనని గట్టిగా చెప్పినవారిలో ఆయన ఒకరు. అక్కడ లోతు బావులు త్రవ్వగా నీరు పడినది. నేడు ఉపగ్రహ చిత్రములలో ఆ ఎడారి నడుమ పచ్చని చక్రములవలె గుండ్రని పొలములు కనబడుచున్నవి. నడుమ బావి, దాని చుట్టు తిరుగు పొడుగాటి నీటి గొట్టము. ఇచ్చట ఒక్క మాట చెప్పి తీరవలెను. ఆ నీరు నూబియా ఇసుకరాతి పొరలలో వేల సంవత్సరముల క్రిందటి వానలవలన నిలిచిన నీరు. ఈజిప్టు, లిబియా, సూడాను, చాద్ దేశముల క్రింద వ్యాపించియున్నది. అది ఎంత గొప్ప నిధియైనను, తోడినకొలది తరుగునే గాని వానతో మరల నిండునది కాదు. తాతలు దాచిన ధాన్యపు పాతర వంటిది. తీసి తినవచ్చును, ఎన్ని పుట్లు మిగిలినదో ఎరిగి తినవలెను.

ఇక 2007 సంవత్సరము. సూడాను దేశపు పడమటి భాగమున దార్‌ఫుర్ అను ప్రాంతమున 2003 నుండి ఘోరమైన అంతర్యుద్ధము జరుగుచుండెను. ఆ కలహమునకు కారణములు అనేకములు. తరుగుచున్న నీరును, మేతభూమియు వానిలో ఒకటి. లక్షలాది ప్రజలు ఇండ్లు విడిచి శిబిరములలో తలదాచుకొనిరి. ఆ దినములలో ఎల్ బాజ్‌యు, ఆయన సహ శాస్త్రజ్ఞురాలు ఈమన్ గునైమ్‌యు రాడారు చిత్రములనుబట్టి ఉత్తర దార్‌ఫుర్‌లో ఒక ప్రాచీన మహాసరస్సు గట్లను గుర్తించిరి. దాని విస్తీర్ణము 30,750 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణ రాష్ట్రములో నాలుగవ వంతునకు మించినది. ఆ సరస్సు అడుగున భూగర్భ జలముండవలెనని ఎల్ బాజ్ తలంచెను. దార్‌ఫుర్‌కు వేయి బావులు అను కార్యక్రమమును ప్రకటించిరి. నీరు దొరికినచో కలహము చల్లారునని ప్రపంచ పత్రికలన్నియు వ్రాసినవి.

కాని మరియొక భూగర్భ శాస్త్రజ్ఞుడు సందేహము వెలిబుచ్చెను. ఆయన ఫ్రాన్సు దేశీయుడు, అలెయిన్ గాషే. ఆయన కూడ రాడారు చిత్రములతోనే పనిచేయువాడు. దార్‌ఫుర్ నుండి చాద్ దేశమునకు పారిపోయి వచ్చిన శరణార్థుల శిబిరములకు నీరు చూపినవాడు. సరస్సు ఉండియుండవచ్చును, కాని అది వేల సంవత్సరముల క్రిందటనే ఎండిపోయినది, అక్కడ ఇప్పుడు వానలు బహు తక్కువ, నీటిని నిలుపదగిన రాతి జాతి అక్కడ లేదు అని ఆయన అభిప్రాయము.

ఇద్దరును పండితులే. ఇద్దరును ఆకాశ చిత్రములనే చదివినవారు. భేదమెక్కడ వచ్చినది? చిత్రములో సరస్సు గట్లు కనబడును, నీరు కనబడదు. ఆ పల్లము నిజముగా పల్లమే. దాని క్రింద నున్న రాయి యేది, ఆ రాతిలో సందులున్నవా, ఇప్పటి వాన ఆ సందులు నింపుటకు చాలునా అనునవి వేరు ప్రశ్నలు. వీనికి నేలమీదనే జవాబు వెదకవలెను. ఎల్ బాజ్ చెప్పినది పట్టుకొని పండితుడే తప్పు చెప్పినాడని శాస్త్రమును త్రోసిపుచ్చువారితో మేము ఏకీభవింపము. అట్లే ఉపగ్రహము చూపినది గనుక బోరు వేయవలసినదే అనువారితోను ఏకీభవింపము. ఈ రెండవ రకమువారు ఇప్పుడు గ్రామములలో ఎక్కువగుచున్నారు.

ఎడారి ఇసుక క్రింద నీరు వెదకు విద్య మన గట్టిరాతి నేలకు ఏమి పనికివచ్చునని మీరు అడుగవచ్చును. రాడారు ఉపాయము ఇక్కడ సాగదు. తడి నేలలోనికి ఆ తరంగములు దూరజాలవు. తెలంగాణలోను, రాయలసీమలోను నేల క్రింద విశాలమైన ఇసుకరాతి పొరలు లేనిచోట్లు ఎక్కువ. ఉన్నది నల్లసేనపు, గ్రానైటు బండ. ఆ బండలో నీరు రెండుచోట్లనే నిలుచును. పైనున్న కుళ్లిన రాతిలోను, లోపలి పగుళ్లలోను. కాని ఆ పగుళ్లు ఆకాశమునుండి చక్కగా కనబడును! వాగు ఉన్నట్టుండి తిన్నగా గీత గీచినట్లు మైళ్లకొలది సాగినచో, చెట్లు వరుసగా పచ్చగా నిలిచినచో, అడుగున పగులుండవచ్చునని శాస్త్రజ్ఞులు గుర్తింతురు. నల్లరాతి గోడవలె భూమిలోనికి చొచ్చుకొనిపోయిన డైకులు గూడ కనబడును. అవి నీటి దారికి అడ్డుకట్టవలె నుండును. ఎగువ ప్రక్క బావిలో నీరుండి దిగువ బావి ఎండుటకు ఒక్కొక్కసారి ఇదియే కారణము.

ఈ విద్యకు మన దేశమున పెద్ద స్థానము హైదరాబాదే. 1974లో జాతీయ దూర సంవేదన సంస్థ ఏర్పడినది. 2008లో అది భారత అంతరిక్ష పరిశోధన సంస్థలో భాగమై జాతీయ దూర సంవేదన కేంద్రమైనది. షాద్‌నగరు వద్ద ఉపగ్రహ సంకేతములను అందుకొను కేంద్రము కలదు. 1988 మార్చి 17న మన మొదటి దూర సంవేదన ఉపగ్రహము ఐ.ఆర్.ఎస్. 1ఎ ఆకాశమున కెక్కినది. 22 దినములకొకసారి అది దేశమునంతయు చుట్టి చూచెడిది. తరువాత తాగునీటి పథకము క్రింద ఈ కేంద్రమువారు ఆంధ్రప్రదేశ్‌తో మొదలుపెట్టి రాష్ట్రములవారీగా భూగర్భ జల సూచన పటములు తయారుచేసిరి. అవి భువన్ అను ప్రభుత్వ పటముల వేదికపై చూడవచ్చును.

ఈ పటము ముందు పెట్టుకొనిన పంచాయతీ సభ్యులు దాని కొలతను తప్పక గమనింపవలెను. పటముమీద ఒక సెంటీమీటరు నేలమీద అర కిలోమీటరు. పటముమీద ఒక పగులును మిల్లీమీటరు మందము గీతగా గీచినారనుకొనుడు. ఆ గీత నేలమీద 50 మీటర్ల వెడల్పు! ఆ వెడల్పులో పగులు ఏ చివరనున్నదో పటము చెప్పదు. అందుచేత పటము మీకు ఊరిలోని ఏ వైపు వెదకవలెనో చెప్పును. అక్కడనుండి భూగర్భ జల శాఖ జియాలజిస్టు వచ్చి నేలలో నాలుగు ఇనుప కడ్డీలు గ్రుచ్చి విద్యుత్తు పంపి రాతి నిరోధమును కొలిచి బోరు స్థలము చూపును. మొదటిది చేయించి రెండవది మానుట మన గ్రామములలో తరచుగా జరుగుచున్నది. అది సగము పెండ్లి.

మూడవ పని మీదే. చంద్రుని చిత్రములను ఒక్కొక్కటిగా వర్గీకరించిన ఆ యువకుని చిట్టాను గుర్తు తెచ్చుకొనుడు. మీ గ్రామములో ఇప్పటివరకు వేసిన బోర్లెన్ని? ఏ బోరు ఎన్ని అడుగులలో పడినది, ఏది ఎండినది, ఏ లోతున రాతిపొడి రంగు మారినది, కేసింగ్ పైపు ఎంతవరకు దిగినది? ఇది ఏ ఉపగ్రహమునకును తెలియదు. బోరు వేయించిన రైతునకు తెలియును. రెండు ఏండ్లకు ఆయనయు మరచును. కరువులో గూడ ఎండని పాత మోటబావి ఏదో మీ ఊరి ముసలమ్మకు తెలియును. ఎండిన బోర్ల కథ పడిన బోర్ల కథకన్న తక్కువ విలువైనది కాదు. అది జియాలజిస్టునకు పగులు ఎక్కడ లేదో చెప్పును. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము ప్రకారము బావులను నమోదు చేయించుట ఎట్లును అవసరమే. ఆ కాగితములతోబాటు ఈ వివరములు గూడ ఒక పుస్తకమున ఎక్కించినచో పంచాయతీకి ఖర్చు ఒక పుస్తకము వెల మాత్రమే. ఎండిన బోరు నోరు మూయించి ఆ మాటయు అందులో వ్రాయుడు. మూయని బోర్లలో పసిబిడ్డలు పడిన వార్తలు మీరు చదివియేయున్నారు.

మీ గ్రామమున ఇంటర్మీడియటులో సైన్సు చదువుచున్న బాలబాలికలకు గూడ ఈ మార్గము చెప్పుడు. డిగ్రీలో భూగర్భ శాస్త్రము తీసికొనువారు మన ప్రాంతమున తక్కువ. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములలో ఆ శాఖ కలదు. దూర సంవేదనములో ఉన్నత శిక్షణకు డెహరాడూనులో 1966లో స్థాపించిన సంస్థ కలదు. హైదరాబాదు కేంద్రమువారును శిక్షణ ఇచ్చుచుందురు. అరక దున్నిన ఇంటిలో పుట్టిన పిల్లవాడు మన్ను రంగు చూచుట కొత్తగా నేర్చుకొననక్కరలేదు. ఈ చదువుకు ఎండలో నడచు ఓపిక కావలెను.

ఇప్పుడు ఈ గోడమీద మీ మండలపు పటమును చూపుదుము. ముందుగా మీ ఊరి చెరువును, దాని అలుగు వాగును గుర్తుపట్టుడు. పిదప ఎండిన బోరు ఎవరికైనను జ్ఞాపకమున్నచో లేచి వచ్చి ఆ చోటు వ్రేలితో చూపుడు.